బాపుకు, కొడుక్కు నడుమ అమ్మ

ప్రశ్న: మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. పిల్లల చదువుల కోసం ఆరేండ్ల నుంచి హనుమకొండల కిరాయికుంటున్నం. మా ఆయన 2008ల దుబాయి పోయి, 2024 దసరాకు మొత్తానికే వచ్చేసిండు. ఈ పదహారేండ్లల్ల ఏడుసార్లు సెలవు మీద వచ్చిండు, వచ్చినప్పుడల్లా రెండు నెలలుండెటోడు. పాప డిగ్రీ, బాబు ఇంటర్ రెండో సంవత్సరం. అత్తమ్మ మా దగ్గర్నే ఉంటది. ఆయన వచ్చిన కొత్తల అంతా మంచిగనే ఉండె. ఇప్పుడు బాబుకు, ఆయనకు పడుతలేదు. రెండు నెలల కింద ఫోన్ గుంజుకుంటే బాబు "ఇన్నేండ్లు లేనోనివి, ఇప్పుడు చెప్పేటందుకు నువ్వెవలు" అన్నడు. గప్పటి సంది ఇద్దరికీ మాటల్లేవు. ఏదున్నా ఇద్దరూ నాకే చెప్తరు. ఫ్యామిలీ థెరపీ అని ఉంటదట కదా. మా ఆయన "మనకేమన్న పిచ్చి లేసిందా" అంటున్నడు. అక్కడ ఏం చేస్తరు? నిజంగ పనికొస్తదా? ఆయన్ని ఎట్ల తీసుకపోవాలె?
(ఒక అమ్మ, హనుమకొండ)

సమాధానం:

అసలు లెక్క మీ ఉత్తరంలోనే ఉంది. ఏడు సెలవులు, సెలవుకు రెండు నెలలు, మొత్తం 14 నెలలు. పసివాడిగా ఉన్నప్పుడు వెళ్లిన తండ్రితో మీ బాబు పదహారేళ్లలో ఒకే ఇంట్లో గడిపిన కాలం అంతే. అందులోనూ సగం సెంటు సీసాలకు, చుట్టాలకు, దావతులకు పోయి ఉంటుంది. మిగతా కాలమంతా ఇమో ఫోన్ కాల్‌లో మూడు ముక్కలు: "తిన్నవా? మంచిగ చదువుతున్నవా? అమ్మకియ్యి." ఈ రోజు మీరు పడుతున్న కష్టం ఆ "అమ్మకియ్యి" దగ్గర మొదలైంది. తండ్రి మాట మీ మీదుగా పిల్లలకు చేరేది, పిల్లల సంగతి మీ మీదుగా దుబాయికి చేరేది. అప్పుడు అలా కాక ఇంకో దారి లేదు. ఇప్పుడు ఆయన పక్క గదిలోనే ఉన్నాడు, మాటలు మాత్రం పాత దారిలోనే పోతున్నాయి.

అందుకే మీ ఇంట్లో మాటలు కరువయ్యాయని మాకు అనిపించలేదు. రోజూ బోలెడు మాటలు నడుస్తున్నాయి, అన్నీ మీ మీదుగా నడుస్తున్నాయి. ఫ్యామిలీ థెరపీలో ఇలాంటి ముగ్గురి పొత్తును త్రికోణం అంటారు. అమెరికా సైకియాట్రిస్ట్ ముర్రే బోవెన్ ఇచ్చిన ఆలోచన ఇది: ఇద్దరి మధ్య ఉద్రిక్తత పెరిగితే వాళ్లు మూడో మనిషిని నడుమకు లాగుతారు. కాసేపు వేడి తగ్గుతుంది, అసలు గొడవ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మూడో మనిషికి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. మీరు ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. ఆ మూడో మనిషి మీరే.

పోతే ఏం చేస్తారన్నది మీ మొదటి ప్రశ్న. మీ ఆయన మనసులో ఉన్నది బహుశా పెద్దమనుషుల పంచాయితీ. ఇద్దరూ చెప్పుకుంటారు, పెద్దమనిషి తప్పెవరిదో తేలుస్తాడు, దండుగ వేస్తాడు, ఓడినవాడు తల వంచుకుని ఇంటికొస్తాడు. ఇన్నాళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని డబ్బు పంపిన మనిషి, కొడుకు ముందు అలా నిలబడడానికి ఎందుకు ఒప్పుకుంటాడు? థెరపీలో తీర్పు ఉండదని ఆయనకు ముందే తెలియాలి. తప్పెవరిదని థెరపిస్ట్ అడగరు. గొడవ ఎలా మొదలవుతుంది, ఎవరు ఏమన్నాక ఎవరు ఏం చేస్తారు, చివరికి ఎలా ఆగుతుంది, ఆ వరుస అడుగుతారు.

మొదటి సిట్టింగ్ సాధారణంగా గంట నుంచి గంటన్నర. ఇంట్లో ఉండేవాళ్లందరినీ రమ్మంటారు. అత్తమ్మ కూడా వస్తే మంచిది, ఆమె సంగతి తర్వాత చెప్తాం. థెరపిస్ట్ ఒక కాగితం మీద మూడు తరాల బొమ్మ గీస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీత. దగ్గరితనం ఉన్నచోట జంటగీతలు, పడనిచోట వంకర గీత. మీ బొమ్మ మీద 2008, 2024 అని రెండు సంవత్సరాలు పడతాయి. చాలా ఇళ్లలో ఈ బొమ్మ గీస్తున్నప్పుడే పిల్లలకు తెలియని సంగతి ఒకటి బయటికొస్తుంది. అప్పు ఎంత చేసి పోయాడు, అది తీరడానికి ఎన్నేళ్లు పట్టింది, తన తండ్రి చనిపోయినప్పుడు రాలేకపోయాడా, ఇలాంటివి. కొడుకు వాటిని అమ్మ నోట ముక్కలు ముక్కలుగా విని ఉంటాడు. బాపు నోట వినడం వేరు.

ఆ తర్వాత కొన్ని వింత ప్రశ్నలు వస్తాయి. బాబును "నీకు కోపం ఎందుకు?" అని అడగరు. "మీ బాపు, నువ్వు మాట్లాడుకోని రోజు ఇంట్లో అందరికంటే ముందు ఎవరికి తెలుస్తది? తెలిసినంక వాళ్లేం చేస్తరు?" అని పాపను అడుగుతారు. ఇలా ఒకరి గురించి ఇంకొకరిని అడగడం 1970లలో ఇటలీలోని మిలాన్ థెరపిస్టులు తెచ్చిన పద్ధతి. దీని మేలేమిటంటే ఎవరూ తమను తాము కాపాడుకోనక్కర్లేదు, అందరూ వింటారు. పాప "అమ్మకు తెలుస్తది, రెండు పూటలు అన్నం తినదు" అంటే, ఆ మాట తండ్రీకొడుకులు కలిసి వినడం అదే మొదటిసారి కావచ్చు.

రెండో మూడో సిట్టింగులో అసలు పని మొదలవుతుంది. గదిలోకి రాగానే మీరు, అలవాటు కొద్దీ, ఇద్దరి నడుమ కుర్చీలో కూర్చుంటారు. థెరపిస్ట్ మిమ్మల్ని లేచి పాప పక్కకు రమ్మంటారు. తండ్రీకొడుకుల కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా తిప్పిస్తారు. మొన్నటి ఫోన్ గొడవ గురించి ఇద్దరినీ మాట్లాడుకొమ్మంటారు. నాలుగైదు నిమిషాలు చాలు. అప్పుడు జరిగేది ఇంచుమించు ఇలా ఉంటుంది.

"వీడు చదువుతలేడు సార్."
"నాకు కాదన్నా, బాబుకే చెప్పండి."
ఆయన గోడ వైపు చూస్తాడు. "...చదువుతలేవు."
బాబు నేల చూపు. పది సెకన్లు. మీకు కూర్చోబుద్ధి కాదు.
"రాత్రి రెండింటి దాక చదువుతడు సార్, పాపం..."
"అమ్మా, ఒక్క నిమిషం. దానికి జవాబు బాబు దగ్గర ఉన్నది."
ఇంకో పదిహేను సెకన్లు. "నువ్వు పన్నెండున్నరకు పండుకుంటవు, నీకెట్ల తెలుస్తది," అంటాడు వాడు. కటువుగానే అంటాడు.

చూడ్డానికి ఇది ఇంకో గొడవలా ఉంటుంది. కానీ రెండు నెలల తర్వాత వాడు బాపుతో నేరుగా అన్న మొదటి మాట అది. థెరపిస్ట్ దాన్ని పట్టుకుంటారు: "బాబు చెప్పేది, మీరు పండుకున్నంక ఏం జరుగుతదో మీకు తెల్వదని. నిజమేనా? అడగండి." మీరు మౌనంగా ఉన్న ఆ పాతిక సెకన్లే ఈ పని చేశాయి. కుర్చీలు మార్చడం, గొడవను గదిలోనే నడిపించి చూడడం ఎక్కువగా సాల్వడార్ మినూచిన్ అనే సైకియాట్రిస్ట్ పద్ధతి. తల్లిదండ్రులు ఒక జట్టుగా, పిల్లలు ఒక జట్టుగా ఉండాలని, మధ్య గోడకు తలుపు ఉండాలే గాని గోడే లేకుండా పోకూడదని ఆయన వాదన. మీ ఇంట్లో ఆ గోడ తప్పుచోట లేచింది. మీరు, పిల్లలు ఒకవైపు, ఆయన ఒక్కడే ఇంకోవైపు. కావాలని ఎవరూ కట్టలేదు, పదహారేళ్లలో అదే లేచింది.

వారానికోసారి మూడు నాలుగు సిట్టింగులు, తర్వాత రెండు వారాలకోసారి. మొత్తం 8 నుంచి 12 దాకా అనుకోండి. నాలుగో సిట్టింగ్ తర్వాత "ఎంత మారింది?" అని కూర్చుని చూసుకోవాలి. మారిందో లేదో తెలియాలంటే గుర్తు కంటికి కనిపించేదై ఉండాలి. "ప్రేమగా ఉండాలి" అన్నది గుర్తు కాదు. "వారంలో రెండు పూటలు ఇద్దరూ కలిసి తినడం, ఫీజు సంగతి బాబు నేరుగా బాపును అడగడం" అన్నది గుర్తు. హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇచ్చేవాళ్ల దగ్గరికి పోవద్దు. ఎదిగే పిల్లలతో పేచీలకు కుటుంబమంతా కూర్చుని చేసే చికిత్స మేలు చేస్తుందన్నది మాత్రం గట్టిగా నిలబడ్డ విషయమే. మన దేశానికి ఇదేమీ అరువు సరుకు కూడా కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్లను ఆవరణలో గుడారాల్లో ఉంచి, చికిత్సలో వాళ్లనూ కలుపుకున్నారు.

చెడేది ఎక్కడో కూడా తెలుసుకోండి. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇంటికొచ్చే దారిలో. ఆటో ఎక్కగానే "నా గురించి గట్లెందుకు చెప్పినవ్?" అని మొదలైతే వచ్చేసారి ఎవరూ నోరు విప్పరు. గదిలో అన్న మాట మీద ఆ రోజు రాత్రి దాకా చర్చ లేదని ముందే ఒప్పుకోండి. రెండోది, సిట్టింగుల మధ్య థెరపిస్ట్‌కు చాటుగా ఫోన్ చేసి "మా ఆయనకు చెప్పకండి గని..." అనడం. అప్పుడు అక్కడ కూడా నడుమ మీరే కూర్చున్నట్టు. మంచి థెరపిస్ట్ ఇలాంటి ఫోన్ల విషయంలో తమ నియమం మొదటి రోజే చెప్తారు. మూడోది, రెండు మూడు సిట్టింగుల తర్వాత గొడవలు పెరిగినట్టు అనిపించడం. ఇన్నాళ్లు మీరు మధ్యలో మెత్తబరిచి చేరవేసిన మాటలు ఇప్పుడు పదునుతో నేరుగా తగులుతాయి మరి. చాలా ఇళ్లు ఇక్కడే మానేస్తాయి. ఇంకొందరు ఒక వారం బాగుండగానే "అయిపోయింది" అని మానేస్తారు, అదీ అంతే నష్టం. ఇక బాబును "పేషెంటు"గా తీసుకెళ్లడం. "మా వాణ్ని బాగుచేయండి సార్" అన్న మాటతో గదిలోకి అడుగుపెడితే, వాడు ఆ గంటంతా గోడ గడియారం చూస్తాడు.

ఇంట్లో మీరు రేపటి నుంచి మొదలుపెట్టగలిగేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, చేరవేత మానడం. బాబు వచ్చి "అమ్మా, బాపుకు చెప్పు, ఆదివారం దోస్తుల దగ్గరికి పోతున్న" అంటే, "నువ్వే అడుగు, నేనిక్కడే ఉంట" అనండి. అంతే, ఇంకో వాక్యం కలపవద్దు. ఆయన "వాడు ఎక్కడికి పోయిండు?" అంటే "ఫోన్ చేసి అడుగు." ఒక్కరోజులోనే చెయ్యి ఆడనట్టు ఉంటుంది. అన్నం వడ్డిస్తూ నోరు మూసుకోవడం ఇంత కష్టమా అనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఇంట్లో అందరికీ అవసరమైన మనిషిగా ఉండడంలో ఒక బలం ఉంది. అది పోతుంటే మీకే బాధగా ఉండొచ్చు. అందులో తప్పేమీ లేదు, దాని పేరు తెలిసి ఉంటే చాలు.

రెండోది, మాటలకు చిన్న సంగతులతో దారి వేయండి. మార్కులు, ఫోను, కోచింగు, ఈ మూడూ నెల రోజులు పక్కన. ఊళ్లో పొలం ఉంటే ఆయన, బాబు బండి మీద పోయి బోరు మోటరు స్టార్టరు చూసి రావచ్చు. బండికి సర్వీసింగు చేయించవచ్చు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని మగవాళ్లు పక్కపక్కన ఒక పని మీద ఉంటే మాట్లాడతారు. వచ్చాక "ఏం మాట్లాడుకున్నరు?" అని మీరు అడగొద్దు.

మూడోది, వారానికి రెండు రాత్రులు, తిన్న తర్వాత 15 నిమిషాలు. ఫోన్లన్నీ, ఆయన ఫోన్‌తో సహా, పక్క గదిలో. ఒకరు మూడు నిమిషాలు మాట్లాడాలి. విన్నవాళ్లు జవాబు చెప్పే ముందు విన్నది తిరిగి చెప్పాలి: "నువ్వనేది, నిన్నడగకుండ ఫోన్ గుంజుకున్నననా?" మొదటివాళ్లు "అవును" అన్నాకే వాళ్ల వంతు. "ఎప్పుడూ ఇంతే", "ఎన్నడన్నా విన్నవా" అన్నవి ఆ పావుగంటలో నిషేధం. గుండె దడదడలాడి, ముఖం వేడెక్కితే ఆపేయాలి. ఆ స్థితిలో చెవికి మాట వినపడుతుంది, తలకెక్కదు. శరీరం చల్లబడడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది. అయితే లేచిపోయేవాళ్లు ఎప్పుడొస్తారో చెప్పి పోవాలి: "తొమ్మిదిన్నరకు వస్త." చెప్పకుండా పోతే అది అలగడం, మిగతావాళ్లకు మండుతుంది.

నాలుగోది డబ్బు. మీరు దాని గురించి రాయలేదు గానీ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఇళ్లలో చాలా గొడవల అడుగున ఉండేది ఇదే. ఇన్నాళ్లు చిట్టీ కట్టింది, సంఘంలో లోను తీసింది, కాలేజీ ఫీజు బేరమాడింది మీరు. ఆయన పంపాడు, ఎక్కడ ఎంత పోయిందో మొత్తంగా తెలియదు. ఇప్పుడు పంపడం ఆగింది. ఇంట్లో తన పనేమిటో తెలియని మనిషి పెత్తనం చేయడానికి దొరికేది కొడుకు ఫోన్ ఒక్కటే. నెలకోసారి, ఒకటో తారీకు దగ్గర, మీరిద్దరే ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చోండి. అప్పులు, చిట్టీలు, ఫీజులు, పొలం ఖర్చు. లెక్క అప్పజెప్పినట్టు కాదు, ఇద్దరూ కలిసి చూసినట్టు. ఫీజు కట్టే పని ఆయనకు ఇవ్వండి, కాలేజీకి ఆయనే పోయి కట్టనివ్వండి. వాడి కాలేజీ గేటు ఆయన చూసి ఉండకపోవచ్చు.

అత్తమ్మ సంగతి. "నా కొడుకు వచ్చినంక ఈ ఇంట్ల వానికి విలువ లేదు" అన్న మాట ఏదో రూపంలో వినిపిస్తూనే ఉంటుంది. ఆమెకు ఎదురు చెప్పొద్దు, ఆమెను పక్కన కూడా పెట్టొద్దు. తన కొడుకు చిన్నప్పుడు ఎట్లుండెనో, ఎంత మొండోడో బాబుకు చెప్పగలిగింది ఈ ఇంట్లో బాపమ్మ ఒక్కతే. థెరపిస్ట్‌లు ముసలివాళ్లను పిలిచేది చాలావరకు ఇందుకే.

ఆయన్ని తీసుకెళ్లడం. గొడవైన రాత్రి ఈ మాట ఎత్తొద్దు. "నీకు, వానికి కౌన్సెలింగ్ కావాలె" అన్నారంటే తలుపు మూసుకుంటుంది. మీ అలుపు మీరు చెప్పండి: "ఇద్దరి నడుమ మాటలు మోసి మోసి నాకు చాతనైతలేదు. నా కోసం ఒక్కసారి రా. నచ్చకపోతే మళ్ల అడగ." ఒక్కసారి అన్నది నిజంగా ఒక్కసారే కావాలి. పిచ్చి అన్న మాటకు జవాబు: ఆ సిట్టింగుల్లో మందులు రాయరు, ఎవరికీ జబ్బు పేరు పెట్టరు. చెప్పిన మాటలు మామూలుగా బయటికి పోవు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే గోప్యతను హక్కుగా ఇచ్చింది. అప్పటికీ రాకపోతే మీరు, పిల్లలు వెళ్లండి. మీరొక్కరే వెళ్లినా పని మొదలవుతుంది. త్రికోణంలో ఒక మూల కదిలితే మిగతా రెండూ ఉన్నచోటే ఉండలేవు.

అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకూడని ఇళ్లు కొన్ని ఉంటాయి. మీ ఇంట్లో చెయ్యి చేసుకోవడం, బెదిరించడం ఉంటే ముందు మీరొక్కరే కలవాలి. గదిలో అన్న మాటకు ఇంట్లో దెబ్బ పడే చోట ఫ్యామిలీ థెరపీ ప్రమాదం. మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రాలున్నాయి. తాగుడు అదుపు తప్పితే దాని చికిత్స ముందు. బాబు "నేను లేకపోతే అయిపాయె" లాంటి మాట అన్నా, తిండి, నిద్ర, చదువు అన్నీ ఒక్కసారిగా వదిలేసినా ఈ సిట్టింగుల కోసం ఆగొద్దు. అదే రోజు డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎవరి దగ్గరికి అంటే, వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలోని మానసిక వైద్య విభాగం ఓపీతో మొదలుపెట్టొచ్చు. కుటుంబంతో కూర్చునే సైకాలజిస్ట్ ఉన్నారా అని అక్కడ అడగండి. ప్రైవేటులో అయితే క్లినికల్ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మొహమాటపడకుండా అడగండి. బోర్డు మీద "కౌన్సెలర్" అని రాసుకోవడం ఎవరికైనా తేలికే. ఫీజు సిట్టింగుకా, మనిషికా అన్నది ఫోన్లోనే తేల్చుకోండి. ఇంటర్ పరీక్షలు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి, వారానికో, రెండు వారాలకో ఒక పూట పోతే చదువుకు నష్టం లేదు.

ఫోన్ చేసినప్పుడు ఇంకొక్కటి అడగండి: "మేము ఐదుగురం వస్తం, అందరం ఒక్కసారి కూసునేటందుకు జాగ ఉన్నదా?" అటునుంచి "ఐదుగురెందుకమ్మా, బాబును ఒక్కణ్ని పంపండి" అన్న జవాబు వస్తే, ఇంకో నంబరుకు చేయండి.